అడుగు వేయుట, అడుగుట

తెలుగులో ‘అడుగు’ అను మాట రెండు పనులు చేయును. నేలమీద మోపిన కాలు ఒక అడుగు. తెలియని సంగతిని ఎదుటివానిని ప్రశ్నింపుమని చెప్పుటకును ‘అడుగు’ అనియే అందుము. వ్యాకరణవేత్తలు ఇవి వేర్వేరు మాటలనియు, పోలిక యాదృచ్ఛికమనియు చెప్పవచ్చును. వారితో నాకు వివాదము లేదు. కాని ఆ మాటను అమ్మ ఒడిలో నేర్చిన చెవికి ఆ రెండింటికిని ఏదో చుట్టరికము కలదనియే తోచును. ‘పదము’ సంగతియు అట్టిదే. పదమనగా పాదము, పదమనగా మాట, పదమనగా పాట. పద్యమునకు పాదములు గలవు. వచనమునకు నడక గలదు. కాలిని, ఆలోచనను ఇన్ని మాటలలో ఒక్కచోట ముడివేసిన భాష మనది. అట్టి మనము నేడు నడచుట మానివేసి, ఆలోచన సాగుటలేదని కుర్చీలో కూర్చుండి చింతించుచున్నాము.

చిక్కు ఎదురైనప్పుడు ‘నాలుగడుగులు వేసి వచ్చెద’నని కండువా భుజమున వైచికొని బయలుదేరు పెద్దలను మనమందరము చూచినవారమే. పోవునప్పుడు ముడివడిన కనుబొమలు తిరిగి వచ్చునప్పటికి విడివడియుండెడివి. నేను గుడివాడలో ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు తెలుగు చెప్పితిని. పాఠము కుదరని రోజున, ఇంట మాట పట్టింపు వచ్చిన రోజున కాలువగట్టే నాకు శరణ్యము. అయినను, నడకవలన నిజముగా ఆలోచన తెగునా? తెగినచో ఎట్టి ఆలోచన తెగును? అన్ని చిక్కులకును ఒకే నడక చాలునా? ఈ వయస్సున నన్ను పట్టుకొన్న ప్రశ్న ఇది. దీని వెనుక మా యింటి పొలము సంగతి యొకటి యున్నది. దానిని తరువాత చెప్పెదను.

మొదట ఒక దూరదేశపు కాలువగట్టును చూతము. ఐర్లండు దేశమున డబ్లిన్ నగరము ప్రక్కన రాయల్ కెనాల్ అను కాలువ కలదు. 1843 అక్టోబరు 16వ తేదీన విలియం రోవన్ హామిల్టన్ అను గణితశాస్త్రజ్ఞుడు ఒక సభకు పోవుచు, భార్యతో కలసి ఆ గట్టువెంట నడచుచుండెను. రెండేసి సంఖ్యలను జంటగా కట్టి గుణించు పద్ధతి అప్పటికి తెలియును. మూడేసి సంఖ్యలను కట్టి గుణించుట ఎట్లు? ఈ ప్రశ్న ఆయనను ఏండ్ల తరబడి వేధించెను. ఆ నెలలో ఆయన ఉదయము ఫలహారమునకు వచ్చినప్పుడెల్ల ‘నాయనా, గుణింపగలిగితివా?’ అని కుమారులు అడుగుటయు, ‘లేదు, కూడుట తీసివేయుట మాత్రమే చేతనగుచున్న’దని ఆయన తల యూపుటయు ఆ యింట పరిపాటి యయ్యెనట. ఆనాడు వంతెన సమీపించునప్పటికి మెఱుపు మెఱసినట్లు తోచెను: కావలసినవి మూడు సంఖ్యలు కావు, నాలుగు. ఆయన వెంటనే చాకు తీసి ఆ సూత్రమును వంతెన రాతిమీద గీసెను. నేడు ఆకాశనౌక ఏ వైపునకు తిరిగియున్నదో లెక్కించుటకు ఆ గణితము పనికివచ్చుచున్నది.

బందరు కాలువ గట్టున నడచిన మనవారికి ఎవరికైనను గణితసూత్రము దొరకినట్లు నేను వినలేదు గాని, గట్టు స్వభావము ఎక్కడైనను ఒక్కటియే. 1855లో విజయవాడవద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైన పిదప ఈ డెల్టాలో నీటివెంట పడవలు, గట్టువెంట మనుష్యులు సాగిరి. గట్టుమీద దారి తప్పుట యుండదు. కన్నులకు పని తక్కువ. కాళ్ళకు తమ పని తెలియును. ప్రక్కన నీరు తనంత తాను పోవుచుండును. కూర్చుండి ఆలోచించువాడు ముడిని రెండు చేతులతో పట్టి లాగును. లాగినకొలది అది బిగియును. నడచువాని మనస్సు పట్టు కొంచెము సడలించును. అప్పుడు గాని ముడి ఎక్కడ పడినదో కనబడదు.

ఇది నా ఊహ మాత్రమే కాదు. 2014లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున జరిగిన పరిశోధన ఫలితములు ప్రకటితమైనవి. మామూలు వస్తువొకటి చెప్పి, దానిని ఎన్ని కొత్త విధముల వాడవచ్చునో చెప్పుడని కొందరిని అడిగిరి. కూర్చున్నప్పటికంటె నడచునప్పుడు కొత్త ఆలోచనలు సగటున సుమారు 60 శాతము అధికముగా వచ్చినవి. ఆశ్చర్యమేమనగా, చెట్టుచేమల నడుమ నడచుటయే అందులకు అవసరము కాలేదు. నిలిచిన చోటనే నడిపించు ట్రెడ్‌మిల్ యంత్రముపై, వట్టి గోడకు ఎదురుగా నడచినను ఫలము కలిగెను. మరియొక సంగతి కూడ వారు చెప్పిరి. ఒకే సరియైన జవాబు గల ప్రశ్నలు ఇచ్చినప్పుడు నడచువారు మెరుగుపడలేదు. కొంచెము వెనుకబడిరి కూడ. నడకను పొగడువారు ఈ రెండవ సంగతిని సాధారణముగ చెప్పరు.

గోడకు ఎదురుగా నడచినను చాలునని చదివినప్పుడు, గట్టు నడకను ఇన్నాళ్ళు గొప్పగా చెప్పుకొన్న నేను చిన్నబుచ్చుకొంటిని. తరువాత ఆలోచింపగా ఇది కొత్త సంగతి కాదని తోచెను. బౌద్ధ భిక్షువులకు చంక్రమణమను సాధన కలదు. ఒక చిన్న బాటపై ఈ కొసనుండి ఆ కొసకు మరల మరల నడచుచు ధ్యానించుట అది. ఘంటసాల స్తూపపు దిబ్బను చూచినప్పుడెల్ల, మన కృష్ణాతీరమున కాషాయధారులు అడుగులు లెక్కించుచు తిరిగిన కాలము నాకు జ్ఞప్తికి వచ్చును. ఇంగ్లండులో చార్లెస్ డార్విన్ తన యింటి వెనుక ఇసుకబాట నొకటి వేయించుకొని నిత్యము దానిచుట్టే తిరిగెడివాడు. ఎక్కడికిని చేరని నడకలోను ఆలోచన ఎక్కడికో చేరును.

పాటల సంగతియు ఇట్టిదే. మా గుడివాడకు గాని మచిలీపట్టణమునకు గాని మొవ్వ దూరము కాదు. 17వ శతాబ్దిలో ఆ యూరివాడైన పదకర్త మధుర, తంజావూరు, గోల్కొండ ఆస్థానములను చూచెను. క్షేత్రములు తిరిగినందుననే క్షేత్రయ్య యను పేరు వచ్చినదని చెప్పుదురు. ఎంత దూరము పోయినను ఆయన పదము మువ్వగోపాలుని పేరు తలచి మొవ్వకే మరలివచ్చును. అంతకు ఎన్నో యేండ్లకు ముందు పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణమున, శివరాత్రికి శ్రీశైలము పోవు భక్తుల సందడిని వర్ణించెను. తుమ్మెద పదములు, పర్వత పదములు, వెన్నెల పదములు మున్నగు పాటల పేర్లు మనకు ఆ గ్రంథమున దొరకుచున్నవి. కాలు తాళము వేయుచుండగా నోరు పాట కట్టుట కొండదారి యెక్కిన వారెవరికైనను అనుభవమే.

ఇంతవరకు చెప్పినది ఒక విధమైన ఆలోచన. సూత్రము కనుగొనుట, పాట కట్టుట, కొత్త ఉపాయము తోచుట. ఇందులకు కాళ్ళు కదలిన చాలును; నేల ఏదైనను చెల్లును. కాని మనిషికిని మనిషికిని నడుమ వచ్చు చిక్కులు వేరు. వాని విషయమున ఏ నేలమీద నడచితిమన్నదే ముఖ్యమని నాకు ఆలస్యముగా తెలిసినది.

మన సంప్రదాయము దీనిని ఏనాడో గుర్తించినది. బసవేశ్వరుని బోధలో స్థావరముకంటె జంగమమునకు గౌరవమధికము. ఇష్టలింగమును దేహముననే ధరించుటచే భక్తుడు ఎక్కడికి నడచిన దేవుడును అక్కడికే నడచును. అష్టావరణములలో గురువు, లింగము తరువాత జంగమము చెప్పబడినది. జంగమయ్య ఇంటింటికి ఎందులకు తిరుగును? జోలె నింపుకొనుటకని పిల్లలు అనుకొందురు. నేనును అట్లే అనుకొంటిని. కాని ఇంటింటి గడప త్రొక్కినవానికి ఏ యింట పొయ్యిలో పిల్లి లేవలేదో, ఏ యింట అన్నదమ్ములు మాటలాడుకొనుట మానిరో చెప్పకయే తెలియును. మఠమున కూర్చున్నవానికి అది ఎవరో వచ్చి చెప్పవలెను. చెప్పువాడు తనకు అనుకూలమైనంతవరకే చెప్పును. చరమూర్తులను మాట మన మఠములలో నేటికిని నిలిచియున్నది. వారిలో కొందరిప్పుడు కారులో వచ్చుచున్నారు. తప్పుపట్టుట లేదు, డెబ్బదియైదు దాటిన నేనును కోడూరునకు బస్సులోనే పోవుచున్నాను.

ఈ సందర్భమున ఒక సామెతను తలపకుండ ఉండలేను. తిరిగి ఆడది చెడునట, తిరుగక మగవాడు చెడునట! అక్కమహాదేవి ఉడుతడి విడిచి కల్యాణమునకు, అక్కడినుండి శ్రీశైలమునకు ఒంటరిగా పోయి ఎనిమిది వందల యేండ్లు దాటినను, ఈ సామెత మన యిండ్లలోనే ఇంకను ఎట్లు బ్రతికియున్నదో నాకు బోధపడదు.

దగ్గరి కాలమున దీనికి పెద్ద నిదర్శనము 1951లో తెలంగాణమున జరిగెను. వినోబా భావే హైదరాబాదు చెంతనున్న శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనమునకు సేవాగ్రామమునుండి నడచివచ్చెను. సమ్మేళనమున ఉపన్యాసములు జరిగినవి. అప్పటికి తెలంగాణ గ్రామములలో భూమి కొరకు రక్తము చిందుచుండెను. ఆ ప్రశ్నకు సభలో కూర్చున్నంతవరకు ఆయనకు మార్గము దొరకలేదు. సమ్మేళనము ముగిసిన పిదప ఆ గ్రామములలోనికే నడచెను. ఏప్రిల్ 18న పోచంపల్లిలో భూమిలేని హరిజన కుటుంబములవారు తమకు 80 ఎకరములు కావలెనని అడిగిరి. ఆయన ఊరివారి వైపు తిరిగి, ఇచ్చువారెవరైనను కలరా యని అడుగగా, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరములు ఇచ్చెదనని లేచి నిలిచెను. అడుగు వేయుట, అడుగుట అక్కడ ఒక్కటియే అయినవి. తరువాతి కథ అందరకు తెలిసినదే. ఏండ్ల తరబడి దేశమంతట నడక సాగెను. దానముగా వచ్చిన భూమి మాత్రము అంతయు పేదల చేతికి చేరలేదు. అందులో సాగునకు పనికిరానిదియు కలదు. ఆ లోపమును దాచుట నా యుద్దేశము కాదు. పోచంపల్లి ప్రశ్న పోచంపల్లి నేలమీదనే వినబడినదనియే నేను చెప్పుచున్నది.

ఇక మా పొలము సంగతి. దివిసీమలో కోడూరునకు దిగువన మా అన్నదమ్ములిరువురకు ఉమ్మడిగా మూడెకరముల మాగాణి కలదు. శివారు భూమి. శివారు రైతు కష్టము దివిసీమవారికి నేను చెప్పనక్కరలేదు. ఎగువ మడులు నిండగా మిగిలినదే మనది. ఎనిమిదేండ్ల క్రిందట వరుసగా రెండు సార్వాలు చెడినవి. కౌలుదారుడు ఇక చేయలేనని తప్పుకొనెను. సరిగా ఆ సమయమున రొయ్యల చెరువు త్రవ్వుకొందునని ఒక వ్యాపారి వచ్చెను. అతడు ఇచ్చెదనన్న సొమ్ము వరి కౌలునకు మూడింతలు దాటెను. విజయవాడలోనున్న మా తమ్మునికి కూతురి పెండ్లి దగ్గరపడియుండెను. ‘ఇందులో ఆలోచించటానికి ఏముంది అన్నయ్యా? సంతకం పెట్టేద్దాం’ అని ఫోనులో చెప్పెను. నేను పదునొకండు రోజులు బల్లముందు కూర్చుండి లెక్క వ్రాసితిని. ఎన్ని విధముల వ్రాసినను చెరువే గెలిచెను. ఆ లెక్కలో తప్పు లేదు, నేటికిని లేదు.

సంతకమునకు ముందు హద్దులు చూచివత్తమని కోడూరులో బస్సు దిగి నడచితిని. గట్టు తడిసి జారుచుండుటచే చెప్పులు చేతబట్టుకొంటిని. బల్లవద్ద ఆ పొలము నాకు మూడెకరముల కాగితము. కాలు మోపగనే అది వాలుగల నేల యయ్యెను. మా చేను మెరక. దాని దిగువన పల్లపు చేలు మూడు, ఒక్కొక్కటి అరయెకరమునకు మించవు. మా గట్టునుండి ఊరిన నీరు పోవునది అచ్చటికే. మరికొంత దూరమున ఇతరులు అప్పటికే త్రవ్విన చెరువు ప్రక్కన నేల తెల్లగా ఉప్పు పేరి, వరి దుబ్బులు ఎఱ్ఱబారి యుండెను. పల్లపు చేనిలో కలుపు తీయుచున్న ఆమె నన్ను చూచి నడుము ఎత్తి, ‘మొన్న మొన్నటి దాకా ఈ బోదె నీళ్ళు దోసిట్లో పట్టి తాగేవాళ్ళమండి మాస్టారూ. ఇప్పుడు గేదెలు కూడా మూతి పెట్టటంలేదు’ అనెను. నన్ను నిందించుటకు ఆమె చెప్పలేదు. మా ఒప్పందము సంగతియే ఆమె ఎరుగదు. నేను మాత్రము తల యెత్తలేకపోయితిని.

అయినను తమ్ముని అవసరము మనస్సున మెదలుచునే యుండెను. చెరువు నీరు పల్లపు చేలకు పోకుండ పడమటనున్న మురుగుకాలువలోనికి మళ్ళింపవచ్చునా యని అడుగులతో కొలుచుచు పోయితిని. నూట నలుబది యడుగుల తరువాత మరియొకరి చేను అడ్డము వచ్చెను. తూర్పున నేల ఎత్తు. ఏమియు తోచక, వచ్చిన దారిన పోక, బోదెవెంట ఎగువకు నడచితిని. మైలు లోపుననే ఒక తూము వద్ద గుఱ్ఱపుడెక్క దట్టముగా అల్లుకొని నీటిని బిగబట్టియున్నది. పైరైతులు దోచుకొనుచున్నారని రెండేండ్లుగా నేను తిట్టిన నీరు ఆ ఆకుల వెనుక ఆగియుండెను! బల్లవద్ద పదునొకండు రోజులును నేను అడిగినది ‘ఎంత వచ్చును?’ అని. గట్టుమీద నా కాళ్ళు అడిగినది ‘నీరు ఎక్కడికి పోవును? ఎక్కడ ఆగినది?’ అని. ట్రెడ్‌మిల్ ఎక్కి నడచినచో నాకు కొత్త ఉపాయములు పది తోచియుండవచ్చును. ఈ రెండు ప్రశ్నలు మాత్రము తోచెడివి కావు.

పల్లపు చేలవారును నేనును కలసి ఐదుగురము రెండు రోజులు ఆ డెక్కను లాగివేసితిమి. ఆ సార్వాకు నీరందెను. చెరువు ఒప్పందమునకు నేను సంతకము పెట్టలేదు.

ఇంతటితో నడకయే సర్వరోగ నివారణి యని తేల్చుట తగదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి పదివేలకు పైగా ప్రాణములను తీసికొన్నప్పుడు, నేను ఉద్యోగమున చేరి కొన్నేండ్లే యయ్యెను. బంధువులను వెదకుచు పులిగడ్డ దాటి నడచితిని. ఆ నడకలో ఆలోచన యన్నది లేదు. కాలు ఎక్కడ మోపవలెను, ఎక్కడ మోపరాదు అని చూచుకొనుటయే సరిపోయెను. ఆ దినములలో నేనేమి తలచితినని ఎవరైనను అడిగినచో నేటికిని చెప్పలేను.

ఊడ్పులు వేయు స్త్రీలు వంగి, వెనుకకు అడుగులు వేయుచు, దినమంతయు బురదలో నడచుదురు. సాయంకాలపు షికారులోనే ఆలోచన పుట్టుననుట తీరికగలవాని గర్వము. కాయకమును కైలాసముగా తలచిన శరణుల దారిలోనివారమై ఆ మాట అనరాదు. పెడనలో గుంటమగ్గము ముందు కూర్చున్న నేతకాని చూడుడు. కూర్చున్నను కాళ్ళు త్రొక్కుచునే యుండును. నేతయే కాయకముగా గల దేవర దాసిమయ్యకు ఆలోచన ఆ త్రొక్కుడులోనే సాగియుండును.

కూర్చుండవలసిన పనియు లేకపోలేదు. కల్యాణమునకు శరణులు నలుదిక్కులనుండి నడచివచ్చిరి. వచ్చి అనుభవ మంటపమున కూర్చుండిరి. ఒకరి అనుభవమును మరియొకరు ప్రశ్నించిరి. దారిలో తోచినది సభలో నిలువవలెను గదా. స్టాన్‌ఫర్డ్‌వారి రెండవ ఫలితము నాకు ఈ మంటపమునే తలపించినది. నా మట్టుకు నేనును గట్టుమీద చేసికొన్న నిశ్చయమునకు వెల యెంతయో తిరిగి ఆ బల్లవద్దనే కూర్చుండి లెక్కింపవలసివచ్చెను. తమ్ముని భాగమున తగ్గిన సొమ్మునకు బదులు నా పింఛనులో దాచిన దానిలో కొంత పెండ్లికి సర్దితిని. అది చాలలేదు. మిగిలినదానికి అతడు అప్పు చేసెను.

నన్ను నేటికిని బాధించు సంగతి ఇక్కడ కలదు. పొలము ఇరువురిది, గట్టుమీద నడచినది నేనొక్కడనే. ఎఱ్ఱబారిన దుబ్బులను అతడు చూడలేదు. ఆమె మాట వినలేదు. నడచినవాడు నడువనివాని తరపున నిశ్చయించుట న్యాయమేనా? అతనిని వెంటబెట్టుకొని పోక, నేను చూచినది ఫోనులో వర్ణించి, అర్థము చేసికొనలేదని కోపించితిని. ‘నువ్వు ఆ రోజు బస్సు దిగి నడవకుండా ఉంటే బాగుండేది అన్నయ్యా’ అని అతడు ఒకసారి అనెను. జవాబు చెప్పలేకపోయితిని.

అప్పు పోయిన యేడు తీరినది. ఈ సంక్రాంతికి కోడూరు వచ్చినప్పుడు బోదె మొదటినుండి తూము వరకు తానును వచ్చెదనని తమ్ముడు చెప్పినాడు. మోకాళ్ళు నొప్పి గనుక మెల్లగా నడువవలెనట.